పెరటి బాయిలర్ పుట్టుపూర్వోత్తరాలు

గీజర్లు రాకముందు కాచిగూడ, నింబోలి అడ్డా, బర్కత్‌పురా పాత ఇళ్ళలో స్నానానికి నీళ్ళు కాచింది పెరట్లోని కాగు, లేదంటే రాగి బాయిలర్. కాగు సంగతి అందరికీ తెలిసిందే: మూడు రాళ్ళ మీద పెద్ద పాత్ర, కింద కట్టెలు. బాయిలర్ అలా కాదు. దాని నడిమధ్యన నిలువునా ఒక గొట్టం ఉంటుంది. బొగ్గులు ఆ గొట్టంలో, నీళ్ళు దాని చుట్టూ. గొట్టం అడుగున ఇనుప చువ్వల జల్లెడ. బూడిద అందులోంచి కిందికి రాలుతుంది, గాలి అదే దారిన పైకి ఎక్కుతుంది. పక్కన నీళ్ళు పోసే మూత, కింద ఇత్తడి నల్లా. కాగు కింద మంట వేస్తే వేడిలో చాలా భాగం పక్కల నుంచి గాలిపాలవుతుంది. బాయిలర్‌లో నిప్పు నీళ్ళ నడుమే ఉంటుంది కాబట్టి వేడి పక్కలకు ఎటు కదిలినా ముందు నీళ్ళనే తాకాలి. తక్కువ బొగ్గులతోనే ఎక్కువ వేడినీళ్ళు రావడంలో ఉన్న కిటుకు ఇదే.

ఈ కిటుకు చాలా పాతది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన పాంపే నగరపు తవ్వకాల్లో లోపల నిప్పు పెట్టుకునే కంచు నీళ్ళ పాత్రలు దొరికాయి. రష్యాలోని తూలా పట్టణం 18వ శతాబ్దం నుంచి సమోవర్లకు పేరుపడింది. సమోవర్‌లోనూ నడుమ నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్ళే. ఇరాన్‌లోనూ చాయ్‌కి సమోవరే ఆధారం. ఆ దేశం నుంచి వచ్చినవాళ్ళే ఆబిడ్స్, నాంపల్లి దారుల్లో ఇరానీ హోటళ్ళు పెట్టి హైదరాబాద్‌కి చాయ్ మప్పారు. వేడినీళ్ళ స్నానం మాత్రం అంతకన్నా ముందే మన నగరానికి తెలుసు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆ కాలపు హమాం ఇప్పటికీ నిలిచి ఉంది.

1916లో కాచిగూడ స్టేషన్ కట్టేనాటికి ఆ పట్టాల మీద తిరిగిన రైలింజన్ల కడుపులోనూ ఇదే పద్ధతి. గొట్టాల గుండా వేడి పొగ, చుట్టూ నీళ్ళు. ఇంజన్ ఆవిరిని బిగించి పట్టి పని చేయించుకుంటుంది. ఇంటి బాయిలర్ మాత్రం ఆవిరిని వదిలేయాలి. అందుకే నీళ్ళ మూతను ఎప్పుడూ బిగించకూడదు, దాని మీద బరువు పెట్టకూడదు.

రైలింజన్లలో మండింది రాక్షసి బొగ్గు. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర ఆ బొగ్గు ఉన్నట్టు కనుక్కున్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. కర్రబొగ్గు వాడే ఇళ్ళకు రాక్షసి బొగ్గు కొత్త తంటా తెచ్చింది. అంటుకునేటప్పుడు విపరీతమైన పొగ, గంధకం వాసన. బొగ్గుబాయిల ఊళ్ళలో ఆడవాళ్ళు దానికో ఉపాయం కనిపెట్టారు. పొయ్యిని వాకిట్లోనే రాజేసి, పొగంతా పోయి నిప్పులు కణకణలాడాక లోపలికి తెచ్చుకునేవాళ్ళు. హైదరాబాద్‌లోని రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ కూడా ఇదే చిక్కు మీద పనిచేసింది. సింగరేణి బొగ్గును గాలి తగలకుండా తక్కువ వేడిలో కాల్చి, అందులోని తారును ముందే తీసేసి, ఇళ్ళకు పొగరాని బొగ్గు తయారుచేసే పద్ధతి మీద అక్కడ పని జరిగింది.

వాకిట్లో పొయ్యి రాజేసిన ఇల్లాలైనా, లేబొరేటరీలో కూర్చున్న శాస్త్రవేత్త అయినా పోరాడింది పొగతోనే. కళ్ళు మండించేది అదే, గోడలు నల్లబరిచేది అదే. నిద్రలో ప్రాణం తీసేది మాత్రం పొగ కాదు. గాలి చాలని చోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. పొగ ఆగి, చూడ్డానికి ముచ్చటగా ఎర్రబడ్డ నిప్పులే దీన్ని ఎక్కువగా వదులుతాయి. కర్రబొగ్గుకూ మినహాయింపు లేదు. బాలింత మంచం కింద కుంపటి పెట్టి తలుపులు మూసే అలవాటును నేను అందుకే ఒప్పుకోను. పెద్దలు చెప్పిన ఆచారమే కావచ్చు. ఆ పెద్దల ఇళ్ళకు పెంకుల సందులుండేవి, నడుమ మండువా ఉండేది. ఇప్పటి స్లాబు గదికి అల్యూమినియం కిటికీ మూస్తే చీమ దూరే సందుండదు.

పాత బాయిలర్ అంత ప్రమాదకరం కాకపోవడానికి కారణం దాని తయారీ కాదు, అది పెరట్లో ఉండటం. పెరడు పోయి అపార్ట్‌మెంట్ వచ్చాక దాన్ని బాత్రూంలోకో, మూసిన బాల్కనీలోకో చేర్చడం మహా ప్రమాదం. ఇప్పటికీ బాయిలర్ వాడేవాళ్ళు దాన్ని పైకప్పు లేని చోట, బండ మీద, కిటికీలకూ కట్టెలకూ బట్టల తీగకూ దూరంగా నిలపాలి. ముందు నీళ్ళు, తర్వాతే నిప్పు. ఖాళీ బాయిలర్ రాజేస్తే అతుకుల మాటు కరిగి కారడం మొదలవుతుంది. ఒక బకెట్ వేడినీళ్ళు పడితే ఒక బకెట్ చన్నీళ్ళు పోయాలి. బూడిద చల్లారినట్టు కనిపించినా లోపల నిప్పు రోజంతా ఉంటుంది. దాన్ని ఇనుప డబ్బాలోకే ఎత్తాలి, ప్లాస్టిక్ చెత్తబుట్టలోకి కాదు.

ఇక గది వెచ్చబెట్టుకునే మాటకొస్తే, కశ్మీర్ బుఖారీ పొయ్యికి ఉన్నట్టు పొగను ఇంటి కప్పు దాటించే గొట్టం లేని బొగ్గు పొయ్యి ఏదీ గదిలో ఉండకూడదు. కిటికీ ఓరగా తీస్తే చాలనుకోవద్దు. గొట్టం ఉన్నా ఏటా మసి తీయించాలి, గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి. శుద్ధి చేయని బొగ్గును ఇళ్ళలో అసలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. మన డిసెంబర్ చలికి రెండు రగ్గులు చాలు.

నిప్పులున్న గదిలో ఎవరికైనా తలనొప్పి, వికారం, తూలడం, మత్తు కనిపిస్తే ముందు వాళ్ళను బయటి గాలిలోకి తీసుకురండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గదిలో బొగ్గు రాజేసిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.