లారీ ఇంజను పునరుద్ధరణ, మార్పిడి

చెడిపోయిన డీజిల్ లారీ ఇంజనును పూర్తిగా విప్పి, అరిగిన భాగాలను మార్చి, మిగిలినవాటిని తిరిగి కొలతకు తెచ్చి బిగించడాన్ని ఇంజను పునరుద్ధరణ అంటారు. వాడుకలో దీనిని ఓవర్‌హాలింగు అనీ, బోరు చేయించడం అనీ పిలుస్తారు. పాత ఇంజనును తీసివేసి దాని స్థానంలో వేరొక ఇంజనును అమర్చడం ఇంజను మార్పిడి. ఒకటి రెండు లారీలతో జీవనం సాగించే యజమానికి ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలన్నది చాలా బరువైన ప్రశ్న. లారీ షెడ్డులో ఉన్నన్నాళ్ళూ కిరాయి రాదు, ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగదు.

వైఫల్యానికి కారణం

ఇంజను "బోరుకు రావడం", "పట్టేయడం" వేర్వేరు విషయాలు. మొదటిది నెమ్మదిగా వచ్చే అరుగుదల. పిస్టను రింగులు, సిలిండరు గోడలు అరిగి ఆయిలు ఖర్చు పెరుగుతుంది, నీలిరంగు పొగ వస్తుంది, లాగుడు తగ్గుతుంది. ఆయిలు పోసే మూత తీస్తే లోపలినుండి ఆవిరి ఎగదన్నుతుంది. ఇటువంటి ఇంజను సాధారణంగా పునరుద్ధరణకు అనువైనది.

రెండవది అకస్మాత్తుగా జరుగుతుంది. ఆయిలు ఒత్తిడి పడిపోతే బేరింగులు క్రాంకు షాఫ్టుకు అతుక్కుపోతాయి. రేడియేటరులో నీరు లేకుండా నడిపితే హెడ్డు వంకరపోతుంది లేదా పగులుతుంది. నాజిల్ నుండి డీజిల్ సన్నని తుంపరగా కాక ధారగా పడితే పిస్టను తల కరిగి చిల్లు పడవచ్చు. కనెక్టింగు రాడ్డు విరిగి బ్లాకును పగలగొట్టుకుని బయటకు వచ్చిన ఇంజనును బాగుచేయడం అరుదుగా మాత్రమే లాభసాటి.

కారణం తెలియకుండా తీసుకునే నిర్ణయం ఏదైనా తొందరపాటే. బేరింగు ముక్కలు ఆయిలు కూలరులో ఉండిపోతే, వాటిని తొలగించకుండా బిగించిన సరికొత్త ఇంజను కూడా కొద్ది రోజులలోనే పాడవుతుంది. పగిలిన టర్బోచార్జరు రెక్కల ముక్కలు ఇంటర్‌కూలరులో నిలిచిపోయినా అంతే. పూడిపోయిన రేడియేటరు, సరిచేయని డీజిల్ పంపు కూడా పాత ఇంజనుతో పాటు పోయేవి కావు, కొత్త ఇంజనుకూ సంక్రమిస్తాయి.

కొలతలు

ఇంజనును విప్పి కొలిచిన తరువాతనే అది పునరుద్ధరణకు పనికివస్తుందో లేదో చెప్పగలరు. బయటినుండి శబ్దం విని మెకానిక్ వేసే అంచనా చాలాసార్లు నిజమే అవుతుంది కాని, లక్షల రూపాయల ఖర్చుకు అది చాలదు.

సిలిండరు నిర్మాణాన్ని బట్టి పని మారుతుంది. కొన్ని ఇంజనులలో పిస్టను నేరుగా బ్లాకులోనే కదులుతుంది. టాటా లారీలలో 1990ల నుండి వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ బి శ్రేణి ఇంజను ఇటువంటిది. దీని సిలిండరు వ్యాసం 102 మి.మీ. గోడ అరిగితే 0.5 మి.మీ., ఆపైన 1 మి.మీ. వరకు పెద్దది చేసి, అందుకు తగిన పెద్ద పిస్టన్లు వేస్తారు. అదీ దాటితే స్లీవు దించాలి. వేరే ఇంజనులలో నీటిలో మునిగి ఉండే లైనర్లు ఉంటాయి. వీటిని బయటకు లాగి కొత్తవి వేయవచ్చు గనుక పని సులభం. అయితే బ్లాకులో లైనరు కూర్చునే గట్టు తుప్పుపట్టి గుంటలు పడితే నీరు ఆయిలులోకి దిగుతుంది. కొత్త లైనరు ఈ లోపాన్ని దాచలేదు.

క్రాంకు షాఫ్టు అరుగుదలను మైక్రోమీటరుతో కొలుస్తారు. గీతలు పడినా, గుండ్రదనం తప్పినా లేతు షాపులో గ్రైండింగు చేసి, సాధారణంగా 0.25 మి.మీ. చొప్పున తగ్గిన కొలతకు సరిపడే బేరింగులు వేస్తారు. పైపొర గట్టిపరచిన షాఫ్టులను లోతుగా అరగదీస్తే ఆ పొర పోయి షాఫ్టు త్వరగా అరుగుతుంది లేదా విరుగుతుంది. వేడికి నీలిరంగు తిరిగిన షాఫ్టును పగుళ్ళ పరీక్ష చేయకుండా వాడరాదు. హెడ్డుకు కూడా నీటి ఒత్తిడితో పరీక్ష చేసి, ఆ తరువాతనే ఫేసింగు చేయాలి. చాలాచోట్ల ఈ వరుస తిరగబడి, ఫేసింగు డబ్బు ఇచ్చిన తరువాత పగులు బయటపడుతుంది.

బ్లాకు, క్రాంకు రెండూ బాగుంటే పునరుద్ధరణ, రెండూ పోతే మార్పిడి అన్నది మెకానిక్‌లు స్థూలంగా పాటించే సూత్రం. ఒక్కటే పోయినప్పుడు చర్చ మొదలవుతుంది.

మార్పిడిలో రకాలు

బ్లాకు, క్రాంకు, పిస్టన్లు బిగించి హెడ్డు లేకుండా ఇచ్చేదానిని హాఫ్ ఇంజను అంటారు. పాత హెడ్డు, పంపు బాగుంటే ఇది మధ్యేమార్గం. కొన్ని సంస్థలు పాత ఇంజనును తీసుకుని, కర్మాగారంలో పునరుద్ధరించినదానిని వారంటీతో ఇస్తాయి. టాటా మోటార్స్ ప్రోలైఫ్ పథకం ఇటువంటిది. పాత బ్లాకు పగిలి ఉంటే మారకంలో దానికి విలువ తగ్గవచ్చు. మూడవది తుక్కుగా విప్పిన బండినుండి తీసిన ఇంజను. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇవి దొరుకుతాయి. ధర తక్కువే అయినా లోపలి స్థితి కొన్నవానికి తెలియదు. తన ఇంజనులోని జబ్బు తెలిసీ దానిని వదిలి, తెలియని జబ్బును కొనుక్కోవడం జరుగుతూ ఉంటుంది.

ఖర్చు లెక్క

బిల్లు మొత్తాలను మాత్రమే పోల్చడం సరికాదు. లెక్క కోసం పునరుద్ధరణకు 2 లక్షలు, మారక ఇంజనుకు 4 లక్షలు అవుతాయనీ, మొదటిదానికి 20 రోజులు, రెండవదానికి 5 రోజులు పడుతుందనీ అనుకుందాం. లారీ రోజుకు 4,000 రూపాయలు మిగిల్చేదైతే 15 అదనపు రోజుల నష్టం 60,000. అంటే అసలు తేడా 2 లక్షలు కాదు, 1,40,000. ఈ తేడా లారీ మిగిలిన జీవితకాలంలో తిరిగి రావాలి. గేరుబాక్సు, ఛాసిస్ బాగుండి ఇంకా చాలా ఏళ్ళు తిరగవలసిన లారీకి అది రావచ్చు. రెండేళ్ళలో అమ్మదలచిన పాత లారీకి రావడం కష్టం, ఎందుకంటే కొనేవారు ఇంజనుపై పెట్టిన ఖర్చంతా ధరలో ఇవ్వరు. యాంత్రిక వైఫల్యం సాధారణ మోటారు బీమా కిందకు రాదు కాబట్టి ఈ సొమ్మంతా యజమానిదే.

పునరుద్ధరణ నాణ్యత పనివానిని బట్టి ఉంటుంది. దుమ్ము లేని చోటు, టార్కు రెంచి, అసలు విడిభాగాలు లేనప్పుడు చౌక పని రెండుసార్లు చేయించవలసి వస్తుంది.

చట్టపరమైన విషయాలు

భారతదేశంలో ఇంజను నంబరు రిజిస్ట్రేషను పత్రంలో నమోదై ఉంటుంది. ఇంజను మార్చినప్పుడు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆ మార్పును రిజిస్ట్రేషను అధికారికి తెలిపి పత్రంలో నమోదు చేయించాలి. లేకుంటే ఫిట్‌నెస్ తనిఖీలోను, బీమా పరిహారంలోను చిక్కులు వస్తాయి. పాత బ్లాకునే ఉంచి బోరు చేయిస్తే నంబరు మారదు గనుక ఈ సమస్య లేదు. పాత ఇంజను కొనేవారు అమ్మినవారి బిల్లు, ఆ ఇంజను వచ్చిన బండి పత్రాల నకలు తీసుకోవాలి. దొంగబండి ఇంజను అని తేలితే పోలీసులు ముందుగా వచ్చేది ప్రస్తుత యజమాని దగ్గరికే.

2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బీఎస్-6 ప్రమాణాల లారీలలో పొగ శుద్ధి పరికరాలు, సెన్సార్లు, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఇంజనుతో ముడిపడి ఉన్నాయి. వీటిలో పాత ప్రమాణాల ఇంజనును బిగించడం కుదరదు. అదే రకం ఇంజను దొరికినా, దాని నాజిళ్ళ కోడ్లను కంట్రోల్ యూనిట్‌లో నమోదు చేయవలసి రావచ్చు.