గంజాయి: పదచరిత్ర, సస్యచరిత్ర

“తులసివనములో గంజాయి మొక్క” యనునది తెలుగువారి నోట తరచుగా వినవచ్చు సామెత. దానినే తిప్పి “గంజాయివనములో తులసి మొక్క” యనుటయు కలదు. మంచివారి నడుమ బుట్టిన దుష్టునకు మొదటిది, చెడ్డవారి నడుమ నిలిచిన శిష్టునకు రెండవది యుపమానములు. ఎట్లు తిప్పినను తులసి పావనత్వమునకును, గంజాయి పతనమునకును సంకేతములై నిలిచినవి. అయితే ఈ మొక్కయే పాణినీయమున నువ్వులు, మినుములతోపాటు పొలమున పండెడి పైరుగా గానవచ్చుచున్నది. అమరసింహుడు దీనిని ధాన్యముల సరసన బేర్కొన్నాడు. ధాన్యముల పంక్తిలో నుండిన సస్యము తులసివనమునకు వెలియైన క్రమమును పదములను బట్టియు, గ్రంథములను బట్టియు పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశ్యము.

ఈ విషయమున రెండు వాదములు ప్రచారమున నున్నవి. వేదకాలమునుండియు మన పూర్వులు దీనిని పవిత్రమైన మత్తుపదార్థముగా సేవించిరనియు, కావున దీని నిషేధము పరదేశీయుల చేతికల్పన యనియు నొక వాదము. ఇది కేవలము తురుష్కులతో వచ్చిన వ్యసనమనియు, ప్రాచీన భారతమునకు దీనితో సంబంధమే లేదనియు రెండవ వాదము. సాక్ష్యములను వరుసగా నిలిపి చూచినచో ఈ రెండును నిలువవు.

1. పదములు

అథర్వవేదము పదునొకండవ కాండమున సోముడు రాజుగా గల ఓషధులను స్మరించు సందర్భమున దర్భ, యవములతోపాటు “భంగ” శబ్దము వచ్చుచున్నది. పాపవిముక్తికై చేసెడి ప్రార్థన యది. అందు మత్తు ప్రస్తావన లేదు. త్రాగుట, తినుట, పొగ పీల్చుట యను మాటలు లేవు. ఆ మంత్రమునుబట్టి ఆనాటివారు ఈ మొక్క నెరుగుదురనియు, దానికి గౌరవమొసగిరనియు చెప్పవచ్చునే గాని, దానిని మత్తునకై సేవించిరని చెప్పుట సాక్ష్యమునకు మించిన మాట. సోమమే భంగ యను ఊహకును ఈ మంత్రమే ప్రతిబంధకము. సోముని రాజుగా జెప్పి, భంగను వేరుగా లెక్కించిన చోట రెండును ఒకటే యనుట పొసగదు.

అవెస్తా భాషయందలి “బంఘ”, పారసీకమందలి “బంగ్” శబ్దములు దీనికి జ్ఞాతులు. కావున భంగాశబ్దము ఇండో-ఇరానీయుల ఉమ్మడి సొత్తు. తురుష్కులతో వచ్చినదను వాదమునకు ఈ యొక్క విషయమే చాలినంత సమాధానము.

పాణిని అష్టాధ్యాయి యైదవ అధ్యాయమున, ఒక పైరు పండెడి పొలమును దెలుపు ప్రత్యయములను విధించుచు, తిల, మాష, ఉమా, భంగా, అణు శబ్దములను గ్రహించినాడు. భంగ పండెడి పొలము “భాంగ్యము”, లేక “భాంగీనము”. పొలమునకు ప్రత్యేకనామ మేర్పడవలెనన్న ఆ పైరు విరివిగా సాగులో నుండవలెను. ఉమ యనగా అవిసె. అది నారకును, నూనెగింజకును పనికివచ్చునది. దాని సరసన నిలిచిన భంగయు నారకొరకు, గింజకొరకు సాగైన పైరనుట సహజమైన యూహ.

అమరకోశ సాక్ష్యము మరింత విలువైనది. అందు భంగకు “మాతులాని” యను పర్యాయము వైశ్యవర్గమున, ధాన్యముల ప్రకరణమున నున్నది. “గంజా” శబ్దమో పురవర్గమున నున్నది. దాని యర్థము మదిరాగృహము, అనగా కల్లంగడి. అమరసింహుని దృష్టిలో భంగ మొక్క, గంజ ఇల్లు. ఒకటి పొలమునకు, మరియొకటి పురమునకు సంబంధించినవి. ఈ రెండు శబ్దములును ఒకే మొక్క కన్వయించుట తరువాతి పరిణామము. మత్తు అమ్మెడి తావునకు జెల్లిన శబ్దరూపము కాలాంతరమున మత్తునిచ్చు మొక్కకును జెల్లినది.

తెలుగున గంజాయి, బంగి, భంగు అను రూపములు కలవు. బ్రౌను పండితుడు 1852లో ప్రకటించిన నిఘంటువున గంజాయికి స్థానమిచ్చెను. తమిళమున “కంజా”, మలయాళమున “కంజావు” దీనికి సోదరరూపములు. వ్యవహారమున భంగు ఆకునకును, గంజాయి పూవునకును, చరసు జిగురునకును పేర్లైనవి. ఈ విభాగము కేవలము భాషావిషయము కాదు. నేటి శాసనము సైతము దీనినే యనుసరించుచున్నది.

ఇచట నొక హెచ్చరిక యవసరము. సంస్కృతమందలి “శణము” మన జనుము. ఆంగ్లానువాదకులు జనుమును, గోగును, భంగను ఒకే మాటతో వ్యవహరించుటచే, శణప్రస్తావన వచ్చిన ప్రతిచోటను గంజాయియే యని భ్రమించిన చరిత్రకారులు పెక్కురు. జనుము చిక్కుడు కుటుంబమునకును, గోగు బెండ కుటుంబమునకును చెందినవి. గంజాయి వీనికి దేనికిని దాయాది కాదు. గోగు శాస్త్రనామమున “కన్నాబినస్” అను విశేషణ ముండుటకు ఆకుల పోలికయే కారణము. తెలుగుదేశమున త్రాళ్లకు, గోనెలకు జనుము, గోగు చాలినన్ని యుండినవి. కావున నారపంటగా భంగ ఇచట పాతుకొన నవసరము లేకపోయినదనియు, మందుగను మత్తుగనే ప్రవేశించినదనియు ఊహింపవచ్చును. తెలుగు సామెతలో దీనికి పైరు గౌరవము దక్కకపోవుటకు ఇదియొక కారణము కావచ్చును.

2. సస్యము

ఈ మొక్కకు 1753లో లిన్నేయసు “కన్నాబిస్ సటైవా” యని నామకరణము చేసెను. 1785లో లామార్కు భారతదేశపు మొక్కను వేరుజాతిగా భావించి “కన్నాబిస్ ఇండికా” యనెను. ఇవి రెండు జాతులా, ఒకే జాతి భేదములా యను చర్చ నేటికిని సాగుచున్నది. 2021లో ప్రకటితమైన పరిశోధనలో 110 మొక్కల జన్యుపటములను పోల్చి, ఈ సస్యము సుమారు 12,000 సంవత్సరములకు పూర్వము తూర్పు ఆసియాలో మానవుని సాగులోనికి వచ్చినదనియు, నారరకములు, మత్తురకములు సుమారు 4,000 సంవత్సరములనుండి వేరుపడినవనియు నిర్ణయించిరి. పామీరు పర్వతములందలి జిర్జంకల్ శ్మశానమున దొరకిన కొయ్య కుంపట్లలో మత్తురకపు గంజాయి యవశేషములు గలవని 2019లో వెల్లడియైనది. అవి సుమారు 2,500 సంవత్సరముల నాటివి. శకులు గుడారములలో కాలిన రాళ్లపై దీని గింజలు చల్లి ఆవిరి పీల్చిరని హెరొడోటసు వ్రాసినది కట్టుకథ కాదని వీనివలన దేలినది.

స్త్రీ పురుష పుష్పములు వేరువేరు మొక్కలపై బూయుట దీని ముఖ్యలక్షణము. స్త్రీపుష్పములను పొదివియున్న చిన్న ఆకులపై సూక్ష్మగ్రంథులు కలవు. మత్తునిచ్చు జిగురు వానినుండియే స్రవించును. గాలివలన పుప్పొడి సోకి గింజపట్టిన పూవున జిగురు తగ్గును. పూర్వము రాజషాహి జిల్లా నౌగాం ప్రాంతమున ప్రభుత్వానుమతితో సాగు జరిగిన కాలమున, మగమొక్కలను గుర్తుపట్టి తీసివేయుటకు “పోద్దారు” లను నిపుణులుండిరి. అచట కోసిన పూగుత్తులను కాళ్లతో త్రొక్కి చప్పటగా నొకరకము, చుట్టి గుండ్రముగా నింకొకరకము చేసెడివారు. రాలిన పొడికి వేరు ధర. ఆ రైతులు 1917లో సహకారసంఘముగా నేర్పడిరి. నాటి మద్రాసు రాజధానిలోను కృష్ణాజిల్లాయందలి బాపట్ల ప్రాంతమునను, ఉత్తరార్కాటునందలి జవ్వాదికొండలలోను ఈ పంట యుండెను.

3. వైద్యగ్రంథములు

చరకునివంటి ప్రాచీనాచార్యులు దీనిని మత్తుమందుగా బేర్కొనలేదు. పదునొకండవ శతాబ్ది చివరివాడైన వంగసేనుని చికిత్సాసారసంగ్రహమునుండి దీని వైద్యోపయోగము స్పష్టముగా గన్పట్టును. 1300 ప్రాంతమువాడని చెప్పబడు శార్ఙ్గధరుడు “వ్యవాయి” ద్రవ్యములకు, అనగా జీర్ణము గాకముందే శరీరమంతటను వ్యాపించు వానికి, భంగను నల్లమందును ఉదాహరణములుగా నిచ్చెను. ఆనందకందమను రసగ్రంథమున “విజయ” యను పేర దీనికి ప్రత్యేకకల్పమే కలదు; అందు సాగు, శుద్ధి, సేవనవిధులతోపాటు మత్తుయొక్క తొమ్మిది దశలును వర్ణితములు. భావమిశ్రుడు దీనిని తిక్తము, లఘువు, తీక్ష్ణము, ఉష్ణమని చెప్పి, కఫమును హరించుననియు, మోహమును, మదమును, వాక్కును, జఠరాగ్నిని పెంచుననియు నొక్కచోటనే గుణదోషముల నిరూపించెను. దీనిని పావనమనియు, పాపమనియు ననక ద్రవ్యముగానే చూచినవారు ఈ వైద్యులు.

4. పరదేశీయుల సాక్ష్యము

గోవాయందుండిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఒర్తా 1563లో భంగను గూర్చి వ్రాసెను. 1690లో వెలువడిన హోర్తుస్ మలబారికుస్ పదవ సంపుటమున “కంజావు” పేరనే దీని చిత్రములు కలవు. 1669–1679 నడుమ బంగాళాఖాత తీరములందు దిరిగిన థామస్ బౌరీ యను ఆంగ్ల నావికుని కథనము మిక్కిలి ఆసక్తికరము. అతడును, సహచరులును భంగుపానీయము త్రాగి తలుపులు మూసికొనిరట. ఒకడు సాయంత్రము వరకు నేలపై గూర్చుండి యేడ్చెను. ఒకడు భయపడి పెద్దజాడీలో తల దూర్చి గంటలకొలది యట్లే యుండెను. కొందరు తివాసీలపై బరుండి యొకరినొకరు పొగడుకొనిరి. ఒకడు కొయ్యస్తంభముతో పోరాడి పిడికిళ్లు చెక్కుకొనెను. మత్తు మనిషి స్వభావమును బట్టి మారునను సత్యము ఇందు మూర్తి గట్టినది.

పదునేడవ శతాబ్ది యారంభమున పొగాకు దేశమున వ్యాపించిన తరువాతనే చిలుములో పొగాకుతో గలిపి గంజాయి త్రాగు అలవాటు బలపడినది. అంతకుముందు మన గ్రంథములు చెప్పునది తినుట, పానీయముగా త్రాగుట మాత్రమే. కావున నేటి చిలుమునకు వేదప్రమాణము వెదకుట వృథాశ్రమ.

5. ప్రభుత్వ విచారణ

1839లో కలకత్తా వైద్యకళాశాల యాచార్యుడు ఓషాగ్నెసి ధనుర్వాతము మొదలగు రోగములందు దీనిని పరీక్షించి ప్రకటించుటతో ఇది పాశ్చాత్య వైద్యమున ప్రవేశించెను. మరియొకవంక గంజాయి పిచ్చికి కారణమను ఆరోపణ ప్రబలి, 1893లో కామన్సు సభలో ప్రశ్నకు వచ్చినది. తత్ఫలితముగా నియమితమైన కమీషను 1,193 మంది సాక్షుల విచారించి 1894లో నివేదిక నొసగినది. పిచ్చియాసుపత్రుల పట్టికలను పరిశీలింపగా, వ్యాధికారణమను గడిలో “గంజాయి” యను మాట పెక్కుసారులు వైద్యపరీక్ష లేకయే, రోగిని తెచ్చిన పోలీసుల మాటపై వ్రాయబడినదని తేలెను. మితసేవనము ప్రాయికముగా హాని చేయదనియు, అతిసేవనము హానికరమనియు, సంపూర్ణనిషేధము తగదనియు, పన్నువిధించి నియంత్రింపవలెననియు కమీషను తీర్మానించెను. ఈ తీర్మానము ప్రభుత్వాదాయమునకును అనుకూలమే యనుట మరువరాదు. అయినను పట్టికలోని మాటను నమ్మక మూలమును వెదకిన ఆ పద్ధతి పరిశోధకులకు ఆదర్శప్రాయము.

6. గుణము, గంధము

1964లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు గవోని, మెషూలాములు టెట్రాహైడ్రోకన్నాబినాల్ అను మత్తుపదార్థమును శుద్ధముగా వేరుచేసి స్వరూపము నిర్ణయించిరి. 1992లో మానవశరీరమే తయారుచేయు తత్సమానద్రవ్య మొకటి కనుగొనబడగా, సంస్కృత “ఆనంద” శబ్దమునుండి దానికి “ఆనందమైడ్” అని పేరిడిరి. వాసనకు, రుచికి కారణములు వేరు. అవి మిర్సీన్, లిమొనీన్, పైనీన్, కారియోఫిలీన్ అను సుగంధతైలములు. వీనిలో కారియోఫిలీన్ మిరియములందు, లవంగములందు గలదు. కావున కొన్ని రకముల ఘాటు మిరియమును దలపించును. జ్ఞాపకము, ఏకాగ్రత మందగించుట, గుండెవేగము హెచ్చుట తత్కాలఫలములు. చిన్నవయసున మొదలిడి నిత్యము సేవించువారికి చిత్తవైకల్యపు ముప్పు పెరుగునని నేటి వైద్యుల నిర్ణయము. నూరేండ్లనాటి కమీషను మాటను నేటి తీవ్రరకములకు యథాతథముగా నన్వయింపరాదు.

7. శాసనము, మన్యము

1961నాటి అంతర్జాతీయ ఒడంబడిక గంజాయిని తీవ్రనియంత్రణలో నుంచెను. దాని ననుసరించి భారతశాసనము 1985 నవంబరు 14న అమలునకు వచ్చెను. అందు చరసును, పూగుత్తులైన గంజాయియు నిషిద్ధములు. పూగుత్తులతో గలియని ఆకును, గింజయు నిర్వచనమునకు వెలుపల నున్నవి. ప్రాచీనవ్యవహారమందలి భంగు–గంజాయి భేదమే శాసనభాషగా మారినదని గ్రహింపనగును. 20 కిలోలకు మించిన గంజాయి వ్యాపారపరిమాణము. దానికి శిక్ష పదేండ్లకు తగ్గదు, ఇరువదేండ్ల వరకు బోవచ్చును.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలలో రహస్యముగా సాగైన రకమునకు “శీలావతి” యని వ్యవహారనామము. భర్తను బుట్టలో మోసిన పతివ్రత పేరు ఈ మొక్కకు దగులుట విపర్యాసము. 2021 అక్టోబరు చివర ఆరంభమైన “పరివర్తన” కార్యక్రమమున ఆంధ్రప్రదేశ్ పోలీసులు 7,000 ఎకరములకు పైబడిన తోటలను నాశనము చేసిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున సుమారు 2 లక్షల కిలోల సరకును దహనము చేసిరి. 2024లో “ఈగల్” అను ప్రత్యేకదళ మేర్పడెను. అయితే బయటి వర్తకుడు పెట్టుబడి యిచ్చి పండింప, మూటమోసిన గిరిజనుడు పట్టుబడుట ఈ వ్యాపారస్వభావము. లాభము దూరనగరములకు, శిక్ష కొండపల్లెకు చేరుచున్నది. మొక్కను పెరికినంతమాత్రమున చాలదు. ఆ కొండపై వేరొక పైరునకు ధరయు, దారియు గలుగవలెను.

ముగింపు

ఈ పరిశీలనమువలన తేలినవి మూడు. భంగాశబ్దము అతిప్రాచీనము, కాని ప్రాచీనసాక్ష్యములు దానిని పైరుగను, ఓషధిగను చూపునేగాని మత్తుపదార్థముగా చూపవు. గంజాశబ్దము మొదట పానశాలావాచకము; మొక్కకు తరువాత సంక్రమించినది. మత్తుసేవన సాక్ష్యము మన వైద్యగ్రంథములందు మధ్యయుగమున స్పష్టమై, చిలుముతో విస్తరించినది. 2018లో ఉత్తరాఖండ రాష్ట్రము, మత్తుపదార్థము 0.3 శాతమునకు మించని నారరకపు సాగునకు అనుమతి నిచ్చుటతో పాణిని చెప్పిన “భాంగీనము” మరల హిమవత్పాదమున వెలసినది. పేరొకటే యైనను పైరు వేరు, పూవు వేరు. ఆ భేదమును గుర్తింపని వాదము అటు నిషేధపక్షమునకైనను, ఇటు స్వేచ్ఛాపక్షమునకైనను బలము చేకూర్పజాలదు. నిఘంటుకర్తలు శణ, భంగా, గంజా శబ్దములను విడదీసి, ఏ కాలమున ఏ యర్థమో నిర్దేశించినచో ఈ వివాదమునకు గొంత యుపశమనము కలుగగలదు.