మేయరుకున్న ఒకే ఒక్క కుర్చీ

వీధి దీపం వెలగకపోతే కార్పొరేటరును నిలదీయవచ్చు. ఆ చీకట్లో ఎవరైనా మెడలో గొలుసు తెంపుకుపోతే పోలీసు స్టేషనుకు వెళతాం. స్టేషను లోపలే అన్యాయం జరిగితే ఎవరిని అడగాలి? నగరపాలక సంస్థను అడగొచ్చా? హైదరాబాదును దృష్టిలో పెట్టుకుని ఈ చివరి ప్రశ్నకు చట్టాల్లో, కోర్టు తీర్పుల్లో దొరికే ఆధారాలను ఒకచోట చేర్చి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా రాజ్యాంగం. పోలీసు వ్యవస్థ ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఉంది. 74వ సవరణ తెచ్చిన పన్నెండో షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన అంశాలు 18 ఉన్నాయి. వీధి దీపాలు, బస్టాపులు, పార్కింగు స్థలాలు, చివరికి అగ్నిమాపక సేవలు కూడా అందులో కనిపిస్తాయి. పోలీసు మాట లేదు. హైదరాబాదు నగర పోలీసు చట్టం ఫసలీ 1348 నాటిది, అంటే సుమారు 1939లో నిజాం ప్రభుత్వం చేసినది. అంతకుముందు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి వంటి కొత్వాలులు నిజాముకు జవాబు చెప్పుకున్నారు. ఇప్పటి కమిషనరు రాష్ట్ర ప్రభుత్వానికి జవాబు చెబుతారు. రాచరికం పోయి ప్రజాస్వామ్యం వచ్చినా, నగర సభకు మాత్రం ఆ వరుసలో చోటు రాలేదు. పోలీసు ఖర్చంతా రాష్ట్ర బడ్జెట్‌లోని హోం శాఖ పద్దుల్లోంచే వస్తుంది కాబట్టి, డబ్బు పట్టుకుని ప్రశ్నించే వీలు కూడా కార్పొరేటర్లకు లేదు.

పోలీసు, నగరపాలక హద్దులు కూడా కలవవు. 2019 డిసెంబరు 6న ఒక అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయిన చటాన్‌పల్లి అప్పట్లో సైబరాబాదు కమిషనరేటు పరిధిలో ఉండేది. కానీ షాద్‌నగర్ దగ్గరి ఆ ఊరు హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలో లేదు. ఆ ఘటనపై విచారణకు సుప్రీంకోర్టే జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ను వేయాల్సి వచ్చింది. నిందితులను చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని కమిషన్ అభిప్రాయపడింది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. ఇది కమిషన్ నిర్ధారణే తప్ప శిక్ష వేసిన తీర్పు కాదు, ఈ తేడాను గుర్తుంచుకోవాలి. మన దగ్గర పెద్ద ఘటన జరిగితే జవాబు కోసం ఢిల్లీ దాకా వెళ్లాల్సి వస్తోందని మాత్రం దీన్నిబట్టి చెప్పవచ్చు.

2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో పోలీసు సంస్కరణలపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాల్లో ఒకటి పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ. జిల్లా స్థాయిలో విశ్రాంత జిల్లా న్యాయమూర్తి, రాష్ట్ర స్థాయిలో హైకోర్టు లేదా సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి దీనికి నాయకత్వం వహించాలి. తెలుగు రాష్ట్రాల్లో దీని ఏర్పాటు ఏళ్ల తరబడి నలిగింది. ఏర్పాటైనా అది ఒక్కొక్క ఫిర్యాదును విచారించే సంస్థే. రోజువారీగా స్టేషను ఎలా నడుస్తోందో కనిపెట్టి ఉండే పని దానిది కాదు.

ఆ పని గురించి మాట్లాడిన తీర్పు వేరే ఉంది. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులోనూ సీసీ కెమెరాలు ఉండాలని ఆదేశించింది. ఏయే చోట్ల ఉండాలో కూడా లెక్కపెట్టి చెప్పింది. ప్రవేశ ద్వారాలు, అన్ని లాకప్పులు, వరండాలు, ఇన్‌స్పెక్టరు గది, ఎస్సైల గది, మరుగుదొడ్ల బయట, స్టేషను వెనక భాగం. చీకట్లో కనిపించాలి, మాట కూడా వినిపించాలి. దృశ్యాలను 18 నెలలు దాచాలి. అంత నిల్వ సామర్థ్యం దొరక్కపోతే వీలైనంత ఎక్కువ కాలం, ఎట్టి పరిస్థితుల్లోనూ ఏడాదికి తగ్గకుండా.

ఇక్కడిదాకా పత్రికల్లో వచ్చింది. వీటిని చూసుకోవడానికి జిల్లా పర్యవేక్షణ కమిటీ వేయమన్న భాగాన్నే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అందులో రెవెన్యూ అధికారి, కలెక్టరు, ఎస్పీలతో పాటు జిల్లాలోని ఒక పురపాలక సంస్థ మేయరు సభ్యుడు. గ్రామీణ ప్రాంతమైతే ఆ స్థానం జిల్లా పరిషత్తు అధ్యక్షుడిది. కెమెరాల బాగోగులు చూడటం, స్టేషను అధికారితో మాట్లాడటం, రాష్ట్ర స్థాయి పర్యవేక్షణ కమిటీకి నెలనెలా నివేదిక పంపడం కమిటీ విధులు. వీటికి మించినది మరొకటి ఉంది. నిల్వ ఉన్న దృశ్యాలను తనంతట తానే పరిశీలించి, ఎవరూ ఫిర్యాదు చేయని హక్కుల ఉల్లంఘనలు ఏమైనా జరిగాయా అని వెతకాలి.

నేను చూసిన మేరకు, పోలీసు పర్యవేక్షణలో నగర ప్రథమ పౌరుడికి దొరికిన కుర్చీ ఇదొక్కటే. హైదరాబాదులో ఎస్పీ ఉండరు, కమిషనరు ఉంటారు. తీర్పు పాఠాన్ని నగరానికి అన్వయించేటప్పుడు ఎస్పీ ఉన్నచోట కమిషనరేటు అధికారిని పెట్టుకుని చదువుకోవాలన్నది నా అవగాహన. ఇంకో చిక్కు కూడా ఉంది. 2014 డిసెంబరులో పాలకమండలి గడువు ముగిశాక 2016 ఫిబ్రవరి దాకా గ్రేటర్ హైదరాబాదుకు ఎన్నికైన మేయరు లేరు. ప్రత్యేకాధికారి పాలన వస్తే ఈ కుర్చీ కూడా ఖాళీయే.

ఈ తీర్పు పక్కనే ఒక చట్టాన్ని పెట్టి చూడాలి. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లోనే ప్రజాభద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. జనం గుమిగూడే దుకాణాలు, ఆసుపత్రులు, హాళ్లు తమ ఖర్చుతో కెమెరాలు పెట్టుకోవాలి, 30 రోజుల దృశ్యాలు దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. ఆ తర్వాత ‘నేను సైతం’ పేరిట కాలనీ సంఘాలు కూడా చందాలు వేసుకుని వీధుల్లో కెమెరాలు పెట్టించాయి. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ కేంద్రం ప్రారంభమైంది. పౌరుణ్ని పోలీసు చూడటానికి ఇంత ఏర్పాటు సులువుగా జరిగిపోయింది. పోలీసు స్టేషనును పౌరుడి తరఫున చూడటానికి ఉద్దేశించిన కమిటీ పేరు ఎంతమంది కార్పొరేటర్లకు తెలుసు? ఈ అసమానత నన్ను కలవరపెడుతుంది. వీధి కెమెరాలు నేర పరిశోధనకు పనికొస్తాయని ఒప్పుకుంటూనే ఈ మాట అంటున్నాను.

మరి నగర సభకే పోలీసును అప్పగిస్తే సరిపోతుందా? సరిపోదని చెప్పే సాక్ష్యం షికాగోలో ఉంది. 2014 అక్టోబరు 20న అక్కడ లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడిని ఒక పోలీసు 16 సార్లు కాల్చాడు. కుర్రాడు కత్తితో మీదికొచ్చాడని పోలీసు నివేదికలు రాశాయి. షికాగోలో పోలీసు శాఖ నగర ప్రభుత్వం కిందిదే. మేయరే అధిపతిని నియమిస్తాడు, బడ్జెట్‌ను నగర సభే ఆమోదిస్తుంది. ఆ సభ 2015 ఏప్రిల్‌లో కుటుంబానికి 50 లక్షల డాలర్ల పరిహారం ఆమోదించింది. పోలీసు వాహనం కెమెరాలోని దృశ్యాలు మాత్రం బయటికి రాలేదు. ఒక విలేఖరి సమాచార హక్కు కింద దావా వేశాక, కోర్టు ఆదేశం మీద అదే ఏడాది నవంబరు 24న విడుదలయ్యాయి. కుర్రాడు పక్కకు తప్పుకుని నడుస్తుండగా కాల్పులు మొదలైనట్టు వాటిలో కనిపించింది. 2018లో ఆ పోలీసు దోషిగా తేలాడు.

అంటే సభకు అధికారం ఉంది, డబ్బు ఉంది, కుర్చీలు ఉన్నాయి. పదమూడు నెలలపాటు ప్రజలకు నిజం మాత్రం అందలేదు. ఆ తర్వాత షికాగో తన పద్ధతి మార్చుకుంది. పాత విచారణ సంస్థను తీసేసి 2017లో కొత్తది పెట్టింది. 2021లో చేసిన నగర చట్టం ప్రకారం 2023లో 22 పోలీసు డిస్ట్రిక్టులకు ముగ్గురేసి చొప్పున 66 మంది మండలి సభ్యులను ప్రజలే ఎన్నుకున్నారు. దాని ఫలితం మీద ఇప్పుడే తీర్పు చెప్పడం తొందరపాటు. ఒక్క ఘటన నుంచి నియమం తీయకూడదు కూడా. అయినా కుర్చీ ఎవరిది అనే దానికంటే రికార్డు ఎవరి చేతిలో ఉంది అనేదే ముఖ్యమన్న అనుమానాన్ని ఈ ఉదంతం బలపరుస్తోంది.

మన దగ్గర ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. స్థానిక నాయకుడికి స్టేషను మీద పట్టు ఇస్తే తన మనిషిని విడిపించుకోవడానికి, గిట్టనివాడిని ఇరికించడానికి వాడతాడని. ఈ భయం ఉత్తది కాదు. ప్రకాశ్ సింగ్ వ్యాజ్యం పుట్టిందే పోలీసుల మీద రాజకీయ ఒత్తిడి నుంచి. అందుకే మేయరుకు దర్యాప్తులో జోక్యం చేసుకునే హక్కు కావాలని నేను వాదించడం లేదు. 2020 తీర్పు ఇచ్చినది కూడా అది కాదు. ఆ తీర్పు ఇచ్చింది చూసే హక్కు, చూసినదాన్ని నెలనెలా రాసి పంపే బాధ్యత. కాబట్టి ఆ నివేదికలో పేర్లు తీసేసి మిగిలినదాన్ని నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశంలో పెడితే దర్యాప్తుకు ఏ భంగమూ ఉండదు.

2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ స్టేషన్లలో కెమెరాల విషయాన్ని సుమోటోగా తీసుకుంది. రాజస్థాన్‌లో ఎనిమిది నెలల్లో 11 మంది పోలీసు కస్టడీలో చనిపోయారన్న పత్రికా కథనం అందుకు కారణం. 2020 తీర్పు వచ్చి అప్పటికి దాదాపు ఐదేళ్లు.

వార్డు స్థాయిలో అడగాల్సిన ప్రశ్నలు చిన్నవే. మా స్టేషనులో ఎన్ని కెమెరాలు ఉన్నాయి, ఈ నెల ఎన్ని పనిచేశాయి? చెడిపోయిన దాన్ని ఎన్నాళ్లకు బాగుచేశారు? లాకప్పు దృశ్యాలు ఎన్ని నెలలవి ఉన్నాయి? పర్యవేక్షణ కమిటీ చివరిసారి ఏ తేదీన కూర్చుంది, మేయరు వెళ్లారా? ఇవి సమాచార హక్కు దరఖాస్తులో ఒక పేజీకి సరిపోతాయి. దరఖాస్తు రుసుము పది రూపాయలు.