పగిలితే పూచీ ఎవరిది?

ఇల్లు మారడమంటే ఇప్పుడు అట్టపెట్టెలు, టేపు చుట్టలు, బుడగల ప్లాస్టిక్. సామాను కట్టడం చరిత్రను కూడా ఈ సరుకుల చరిత్రగానే చెప్పుకోవడం అలవాటైపోయింది: మొదట గడ్డి, తర్వాత గోనె, ఆపైన అట్ట, చివరికి ప్లాస్టిక్. ఈ వరుస అబద్ధమేమీ కాదు గాని, అసలు కారణాన్ని పక్కన పెడుతుంది. దారిలో వస్తువు పగిలినా పోయినా ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో జవాబు ఇచ్చింది. ఆ జవాబు మారినప్పుడల్లా కట్టే తీరు మారింది.

ప్రశ్న మన దేశంలో చాలా పాతది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం దాని గురించే. తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల సరుకును వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను న్యాయమైన సుంకం మాత్రం తీసుకుని మిగతాది సొంతదారుకే వదిలేస్తున్నాననీ రాజు అందులో ప్రకటించాడు. ఏ వస్తువును ఎలా కట్టాలో ఆ శాసనం చెప్పదు. నష్టం వస్తే సరుకు ఎవరిదవుతుందో చెబుతుంది. వర్తకుడికి ముందుగా కావలసిన హామీ అదే.

ఇంటి సామానుకు మాత్రం అప్పట్లో ఈ గొడవ లేదు. మోసేవాడూ సొంతదారుడూ చాలావరకు ఒక్కరే. బండి మనదో బంధువులదో అయ్యేది, ఇంటివాళ్లు దాని పక్కనే నడిచేవారు. సామాను కూడా దానికి తగ్గట్టే ఉండేది. రాగి బిందెలు, ఇత్తడి గుండిగలు ఒకదాన్లో ఒకటి ఇమిడిపోతాయి, సొట్టపడితే కంచరి సరిచేస్తాడు. తాటాకు గ్రంథానికి పైనా కిందా చెక్కపలకలు, నడుమ తాడు ఎప్పుడూ ఉండేవే. బట్టలు పెట్టెలో, గింజలు గోనెలో, పరుపు చుట్టలో. ఇంట్లో వస్తువు ఉండే చోటే ప్రయాణానికీ పెట్టె. అందుకే సామాను కట్టడం ఒక ప్రత్యేకమైన పనిగా ఎవరికీ తోచలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. పగిలే వస్తువులు కొత్తగా వచ్చినవా? గాజులు ఎప్పటి నుంచో ఉన్నాయి కదా, వాటిని ఊరూరా మోసినవాళ్లూ ఉన్నారు కదా? నిజమే, ఆ మోసినవాళ్లను చూస్తేనే విషయం తేటపడుతుంది. గాజులమ్మేవాడి మలారాన్ని దగ్గరగా గమనించండి. గాజులను ఒకదాని పక్కన ఒకటి తాడుకు గుచ్చి, వదులు లేకుండా బిగించి, గుత్తులు కట్టి భుజాన వేసుకుంటాడు. కుదుపుకు గుత్తి మొత్తం కదులుతుంది గాని గాజుకు గాజు కొట్టుకోదు. పెట్టెలో ఖాళీ ఉండకూడదని ఈనాటి నిపుణులు చెప్పే సూత్రం అందులో పూర్తిగా ఉంది. దాన్ని అతనికి ఏ ప్రయోగశాలా నేర్పలేదు. పగిలిన ప్రతి గాజూ తన మూటలోంచే పోతుంది, అడగడానికి ఎదుట ఎవరూ లేరు. పూచీ అంతా తనదే అయినవాడు అలా కడతాడు.

రైలు వచ్చాక ఈ ఏర్పాటు తారుమారైంది. సామాను ఒక పెట్టెలో, మనిషి ఇంకో పెట్టెలో. కొన్నిసార్లు సామాను వేరే రైల్లో. ముక్కూమొహం తెలియని చేతులు ఎత్తడం, దించడం, విసరడం. అప్పుడు చట్టం తప్పనిసరైంది. 1865 నాటి క్యారియర్స్ చట్టం రవాణాదారు మీద గట్టి బాధ్యతే పెట్టింది గాని, ఒక పట్టికను మినహాయించింది. బంగారం, నగలు, గడియారాలు, పటాలు, పట్టు, సంగీత వాద్యాలు, గాజు, పింగాణీ వస్తువులు అందులో ఉన్నాయి. వంద రూపాయలు మించిన విలువ ఉంటే ముందే చెప్పాలి, చెప్పకపోతే పరిహారం లేదు. 1890 రైల్వే చట్టమూ అదే దారిలో నడిచింది. దానికి తోడు రిస్క్ నోటు అనే కాగితం వచ్చింది. తక్కువ రేటు కావాలంటే సొంతదారు పూచీ మీద పంపుకోవాలి. సరుకు సరిగా కట్టలేదని గుమాస్తాకు అనిపిస్తే వేరే నోటు మీద సంతకం పెట్టించుకునేవాడు. ఆ సంతకం పడ్డాక పగిలిన జాడీకి రైల్వే జవాబుదారీ దాదాపు లేనట్టే.

పార్సిల్ ఆఫీసు ముందు మన ఇంటి సామాను రూపు మారింది ఈ కాగితం వల్లే. ట్రంకు పెట్టెకు తాళం చాలదు, దాని మీద గోనె వేసి దబ్బనంతో పురికొస కుట్టించాలి. కుట్టు తెగితే ఎవరో విప్పారని గుమ్మంలోనే తెలిసిపోతుంది. పాత చిరునామాలు చెరిపి కొత్తది నల్లరంగుతో రాయించాలి. గోనె చవగ్గా దొరకడమూ కలిసొచ్చింది. ఉత్తరాంధ్రలో పండే గోగునారకు లోకమంతటా బిమ్లీ జనుమని పేరు, భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతి అయ్యేది కాబట్టి. అయినా గోనె అంతకు ముందూ ఉంది. పెరికల్లో ధాన్యం మోసిన ఎడ్లకు అది కొత్త కాదు. ట్రంకు పెట్టెకు గోనె తొడిగించింది మాత్రం కొత్త పూచీ.

అట్టపెట్టె కథ కూడా ఇదే చెబుతుంది. మడతల అట్టకు ఇంగ్లండులో 1856లో పేటెంటు ఇచ్చింది టోపీల లోపలి పట్టీ కోసం. 1871లో న్యూయార్కులో ఆల్బర్ట్ జోన్స్ దాన్ని సీసాలకు, దీపం చిమ్నీలకు చుట్టడానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు అమెరికా రైల్వేల్లో చెక్కపెట్టెదే రాజ్యం. అట్టపెట్టెలో వచ్చిన సరుకుకు ఎక్కువ రేటు వేసేవారు. 1914లో ప్రిధమ్ కేసులో అక్కడి అంతర్రాష్ట్ర వాణిజ్య సంఘం ఆ వివక్ష చెల్లదని తేల్చాకే అట్టకు దారి తెరుచుకుంది. పెట్టె ఎంత ఒత్తిడికి తట్టుకోవాలో రైల్వే నియమం పెట్టింది. తయారీదారు ఆ హామీని గుండ్రటి ముద్రగా పెట్టె అడుగున వేయసాగాడు. సామాను కట్టేటప్పుడు మనం చూడకుండా తిప్పేసే ఆ ముద్ర నిజానికి ఒక పూచీకత్తు.

మరి బుడగల ప్లాస్టిక్ మాటేమిటి, అది కేవలం ఆవిష్కరణ కాదా అనవచ్చు. 1957లో న్యూజెర్సీలో ఫీల్డింగ్, షవాన్ అనే ఇద్దరు దాన్ని గోడలకు అతికించే అలంకరణగా తయారు చేశారు. ఎవరూ కొనలేదు. ఐబీఎం తన 1401 కంప్యూటర్లను పంపాల్సి వచ్చినప్పుడే దానికి అసలు గిరాకీ పుట్టింది. సరుకు చేతిలో ఉన్నా, పగిలితే భరించలేని నష్టమొకటి ఎదురయ్యేదాకా దాని పని దానికి తెలియలేదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఇంటి ఇల్లాలు సామాను సర్దేది చట్టం చూసి కాదు, మమకారంతో గదా? ఆవకాయ జాడీకి వాసెన కట్టి, చుట్టూ వరిగడ్డి కుక్కి, గంపలో నిలబెట్టే చేతికి రిస్క్ నోటు సంగతి ఏం తెలుసు? ఇది ఒప్పుకోవలసిన మాటే. పెట్టె లోపలి సర్దుబాటులో మమకారం పాలు చాలా ఉంది. కాని ఆ జాడీ ఎక్కడికి పోయిందో చూడాలి. అది పార్సిల్ ఆఫీసుకు పోలేదు, మనిషితోపాటు రైలుపెట్టెలో సీటు కిందికి చేరింది. దేవుడి పటం, నగల మూట, దస్తావేజులు కూడా అంతే. పరిహారం రానిదీ, వచ్చినా పూడనిదీ చేతిలోనే ఉంచుకున్నారు. పూచీ లెక్క ఇంటివాళ్లకు చట్టం చదవకుండానే తెలుసు.

రైల్వే బాధ్యతను 1962 నుంచి పెంచారు. రోడ్డు రవాణాకు 1865 చట్టం బదులు 2007లో కొత్త చట్టం చేసి 2011లో అమల్లోకి తెచ్చారు. ఇవాళ హైదరాబాదు నుంచి విశాఖకు ఇల్లు మార్చే సంస్థ మనుషులే వచ్చి కప్పుకు కాగితం చుట్టి, మంచానికి అట్ట కట్టి, వస్తువుల జాబితా మీద మన సంతకం తీసుకుంటారు. శ్రమ తగ్గిందనుకుంటాం. కట్టే హక్కు వాళ్ల చేతికి పోవడం వెనుక కూడా పూచీయే ఉంది. సరుకు రవాణా బీమా నిబంధనల్లో ప్యాకింగు చాలకపోవడం వల్ల కలిగిన నష్టానికి మినహాయింపు ఉంటుంది. మనం కట్టిన పెట్టె పగిలితే ఆ మినహాయింపే మన ముందు పెడతారు. కాబట్టి లారీ కదలకముందు జాబితాలో ఏ పెట్టె ఎవరు కట్టారో రాయించుకుని, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.