సిస్టైను ప్రార్థనామందిర చిత్రములు – పాఠపరిష్కార విచారము

రోమునగరమునకుఁ బోయిన యాత్రికులు వాటికనునందలి చిత్రశాలల నన్నిటిని దాఁటి తుదకుఁ జేరు చోటు సిస్టైను ప్రార్థనామందిరము. క్రొత్త పోపు నెన్నుకొనుటకుఁ గార్డినలులు కూడుకొను స్థలమును నిదియే. కప్పుపై నున్న చిత్రములను, బలిపీఠము వెనుకటి గోడపై నున్న తుదితీర్పు చిత్రమును దలయెత్తి చూచువారు తాము చూచునది మైకెలాంజెలో చేతివ్రాఁతయే యని తలంతురు. ఆ తలంపు చాలవఱకు సత్యమే. ఎంతవఱకు సత్యమన్నదియే 1980 తరువాతఁ బండితులలో గొప్ప వివాదమునకుఁ గారణమయ్యెను. ప్రాచీనగ్రంథములను బరిష్కరించువారి కీ వివాదము మిక్కిలి పరిచితముగాఁ దోఁచును.

మందిరమును గట్టించినవాఁడు నాలుగవ సిక్స్టసు పోపు. దాని పేరును ఆతని పేరునుండియే వచ్చినది. 1483 ఆగష్టు 15వ తేదీని ప్రతిష్ఠ జరిగెను. పొడవు ఇంచుమించు 41 మీటరులు, వెడల్పు 13 మీటరులకుఁ గొంచె మధికము. ప్రక్కగోడలపై బొట్టిచెల్లి, పెరుజీనో, గిర్లాండాయో మున్నగువారు చిత్రములు వ్రాసిరి. కప్పుపై మొదట నీలవర్ణమున బంగారునక్షత్రములు మాత్రమే యుండెను. రెండవ జూలియసు పోపు 1508లో మైకెలాంజెలోను బిలిపించి యా నక్షత్రముల చోటఁ జిత్రములు వ్రాయుమనెను. తన వృత్తి శిల్పము గాని చిత్రలేఖనము గాదని యతఁడు తప్పించుకొనఁ జూచెను గాని సాగలేదు. 1512లోఁ బని ముగిసెను.

వివాదము బోధపడుటకు లేఖనవిధాన మెఱుఁగవలయును. తడి యాఱని సున్నపుఁబూఁతపై రంగు వేసినచో, సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి గట్టిపడుచుండఁగా రంగు దానిలోనే బంధింపఁబడును. కావున ఏనాఁటికి వ్రాయఁగలిగినంత పూఁతనే యానాఁడు పూయుదురు. ఆఱిన తరువాత జిగురు కలిపిన రంగుతో దిద్దుట రెండవ విధానము. ఇది పైపైననే నిలుచును; నీటితోఁ గడిగినఁ బోవును.

నాలుగు శతాబ్దులకుఁ బైఁగాఁ గొవ్వొత్తుల పొగ కప్పు నంటుకొనెను. నడుమ నడుమ బాగుచేసినవారు రంగులకుఁ గాంతి తెచ్చుటకై పూసిన జిగురు కాలక్రమమున నల్లబడెను. ఆ మసిని జూచియే కొందఱు విమర్శకులు, శిల్పి యగుటచే మైకెలాంజెలో రంగుల నాదరింపలేదని సిద్ధాంతము చేసిరి. లేఖకదోషమునకు వ్యాఖ్యానము వ్రాయుట మన దేశమునందే కాదన్నమాట!

జాన్లూయిజి కొలలూచ్చి నాయకత్వమున 1980 మొదలు 1989 వఱకుఁ గప్పును, 1990 మొదలు 1994 వఱకుఁ దుదితీర్పును శుద్ధిచేసిరి. జపానుదేశపు నిప్పన్ టెలివిజను సంస్థ చిత్రీకరణపు హక్కులకుఁ బ్రతిగా ధనమిచ్చెను. మసి తొలఁగఁగా లేఁతయాకుపచ్చ, నారింజ, ఊదా వన్నెలు వెలువడెను. అమెరికాలోని కళాచరిత్రాచార్యుఁడు జేమ్సు బెక్ మున్నగువారు తీవ్రముగా నాక్షేపించిరి. కడిగివేసిన జిగురంతయుఁ బరులది గాదనియు, మైకెలాంజెలో తానే పొడిపూఁతపై నీడలు దిద్దెననియు, మసితోఁగూడ మూలపాఠమే పోయెననియు వారి వాదము.

దీనికి సమకాలిక ప్రమాణము కలదు. మైకెలాంజెలో జీవించియుండఁగనే 1553లో నాతని చరిత్రమును బ్రకటించిన కొండీవియు, తరువాత వసారియు, పోపు తొందరపెట్టుటచే బంగారముతోను నీలముతోను జేయవలసిన పొడిదిద్దుబాటు జరుగలేదని వ్రాసిరి. ఈ సాక్ష్యము శోధకులకే యనుకూలము. అయినను, తుదిమెఱుఁగు పెట్టలేదనుట యొకటి. ఎచ్చటను బొడిగీఁత గీయనే లేదనుట వేఱొకటి. మొదటిదానినుండి రెండవది సిద్ధింపదు. కప్పుపై నక్కడక్కడఁ గడుగక విడిచిన నల్లని చిన్నతునుకలు నేఁటికిని గనఁబడును. అడుగునఁ బాఠాంతరములు చూపు సంపాదకుని పద్ధతి యిదియే, ఇది ప్రశంసనీయము.

తుదితీర్పు కథ వేఱు. 1536 మొదలు 1541 వఱకు మైకెలాంజెలో దానిని వ్రాసెను. అందుకై పెరుజీనో వ్రాసిన బలిపీఠచిత్రమును, గోడపైభాగమునఁ దాను మున్ను వ్రాసిన రెండు చిత్రఖండములను జెఱపివేసెను. అందలి నగ్నమూర్తులను బోపు కొలువులోని బ్యాజియో నిందింపఁగా, నరకమునందలి మైనాసునకు నాతని ముఖమును దగిలించె నని వసారి చెప్పును. ట్రెంటుసభ 1563 డిసెంబరులో దేవాలయచిత్రముల యౌచిత్యమును గూర్చి శాసించెను. మఱుసటియేఁడు జనవరిలో నగ్నభాగములను గప్పవలయునని నిర్ణయించిరి. ఫిబ్రవరి 18వ తేదీని మైకెలాంజెలో మరణించెను. 1565లో నాతని మిత్రుఁడే యగు దానియేలె ద వొల్టెర్రా వస్త్రములు వ్రాసి, లాగులు తొడిగినవాఁ డను బిరుదము పొందెను. తరువాతి వారును మఱికొన్ని చేర్చిరి.

1994 నాఁటికి ముగిసిన శుద్ధిలో దానియేలె వ్రాసినవానిని జరిత్రసాక్ష్యముగా నుంచి, తరువాతివానిలోఁ బెక్కింటిని దొలఁగించిరి. ప్రక్షిప్తములలో నిట్లు తారతమ్య మెంచుట వివేకమే. పైని వ్రాసిన వస్త్రమును దీయవచ్చును గాని, పునీత కతెరీనా, పునీత బ్లేసు మూర్తుల విషయమున నదియు సాధ్యము గాదు. దానియేలె యచ్చటి పూఁతనే యులితోఁ జెక్కివేసి, క్రొత్త పూఁతపై కతెరీనాకు వస్త్రము తొడిగి, ఆమెవైపు వంగి చూచుచున్న బ్లేసు మొగమును క్రీస్తువైపు త్రిప్పి వ్రాసెను. అడుగున మూలము లేదు. దాని తీరును దెలియఁగోరువారు, 1549లో మార్చెల్లో వెనుస్టి వ్రాసిన చిన్నప్రతిని జూచుటకు నేపిల్సునందలి కాపొదిమొంతె చిత్రశాలకుఁ బోవలయును.