స్క్రూజ్ చేతికర్ర, గేమ్‌బాయ్ తెర

చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ యంత్రం తెర మీద అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144. రంగులు లేవు, ఆకుపచ్చ ఛాయలు నాలుగంటే నాలుగు. 1990లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ డక్‌టేల్స్ కార్టూన్‌ను ఆ తెర మీదికి ఎక్కించింది. టీవీలో అందులోని ముసలి బాతు అంకుల్ స్క్రూజ్‌ను పిల్లలు గుర్తుపట్టేది స్కాట్లాండ్ యాస ఉన్న గొంతుతో, నీలం కోటుతో, విసుగ్గా ముడుచుకునే కనుబొమలతో. చిన్న తెర మీద వీటిలో ఏదీ పనికిరాదు. ఇవన్నీ తీసేశాక స్క్రూజ్‌లో ఏం మిగులుతుందన్న ప్రశ్నకు క్యాప్‌కామ్ ఇచ్చిన జవాబు ఆయన చేతికర్ర. కార్టూన్ల మీద వచ్చిన చేతి ఆటల చరిత్రంతా నాకు ఆ జవాబు చుట్టూనే తిరుగుతున్నట్టు అనిపిస్తుంది.

మెట్ల మీద నుంచి మెట్ల మీదికి ఎగిరి దూకుతూ సాగే ప్లాట్‌ఫామ్ ఆటకు కార్టూన్లతో సంబంధం పుట్టుకలోనే ఉంది. 1981లో నింటెండో పొపాయ్ బొమ్మలతో ఒక ఆట చెయ్యాలనుకుంది. హక్కులు కుదరలేదు. అప్పుడు నింటెండో రూపకర్త షిగేరు మియమోటో పొపాయ్ స్థానంలో ఒక వడ్రంగిని, అతని ప్రియురాలు ఆలివ్ స్థానంలో ఇంకో అమ్మాయిని, శత్రువు బ్లూటో స్థానంలో ఒక గొరిల్లాను పెట్టాడు. అదే డాంకీ కాంగ్. ఆ వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు. పొపాయ్ హక్కులు అప్పుడే దొరికి ఉంటే ఈ రకం ఆటల చరిత్ర వేరే పేరుతో మొదలయ్యేది.

అదే ఏడాది నింటెండో గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆటల వరుసలో మిక్కీ మౌస్ ఆటను విడుదల చేసింది. నాలుగు వైపుల నుంచి దొర్లుకొచ్చే గుడ్లను మిక్కీ బుట్టలో పట్టుకోవాలి. ఇదే ఆటను మిక్కీ లేకుండా ఎగ్ అన్న పేరుతో కూడా అమ్మారు. సోవియట్ యూనియన్‌లో ఎలెక్ట్రోనికా పేరుతో వచ్చిన నకలులో, అక్కడి పిల్లలకు ప్రాణమైన ను పగాదీ కార్టూన్‌లోని తోడేలు గుడ్లు పట్టింది. ఆట ఒకటే, పాత్రలు మాత్రం ఇస్త్రీ చొక్కా మార్చినంత సులువుగా మారిపోయాయి. ఈ అలవాటు చాలాకాలం పోలేదు.

1982లో గేమ్ అండ్ వాచ్ డాంకీ కాంగ్ కోసం నింటెండో ఇంజినీరు గున్‌పే యొకోయి ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే మీటను తయారుచేశాడు. ఎడమ బొటనవేలితో నాలుగు దిక్కులూ నడిపించడం దానితో వచ్చింది. 1989లో ఆయన బృందమే గేమ్‌బాయ్‌ను తెచ్చింది. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు, మార్చుకునే కార్ట్రిడ్జిలు, జేబులో బరువుగా ఉన్నా కింద పడితే పగలని డబ్బా. ఇక కార్టూన్ హక్కులున్న ప్రతి సంస్థా దాని వైపు చూసింది.

కెమ్కో సంస్థ చేసిన పని ఈ చరిత్రలో విచిత్రమైనది. జపాన్‌లో నింటెండో ఫామికామ్ డిస్క్ మీద వచ్చిన రోజర్ ర్యాబిట్ ఆట అమెరికా చేరేసరికి బగ్స్ బన్నీ ఆటగా మారింది. దీని రెండో భాగంలో జపాన్ పిల్లలు మిక్కీని నడిపిస్తే అమెరికా పిల్లలు బగ్స్‌ను నడిపించారు. ఆ తర్వాత వచ్చిన ఇంకో మిక్కీ ఆట అమెరికాలో ఘోస్ట్‌బస్టర్స్‌గా, ఐరోపాలో గార్‌ఫీల్డ్‌గా వెలువడింది. దయ్యాలు పట్టేవాడూ, తిండిపోతు పిల్లీ, మిక్కీ మౌసూ ఒకే దారిలో ఒకేలా నడిచారు. హక్కులు దేశానికొక సంస్థ చేతిలో ఉన్నప్పుడు వ్యాపారానికి అది తప్పకపోవచ్చు. కానీ పిల్లవాడు కొనుక్కున్నది తనకిష్టమైన పాత్రను. పెట్టె మీది బొమ్మ తప్ప ఆ పాత్ర లోపల ఎక్కడా లేదు.

డక్‌టేల్స్ దగ్గర ఈ కథ మలుపు తిరుగుతుంది. కార్టూన్ 1987లో అమెరికాలో మొదలై నూరు భాగాలు నడిచింది. దాని వెనక కార్ల్ బార్క్స్ గీసిన బొమ్మల కథలున్నాయి. స్క్రూజ్‌ను ఆయన 1947లో సృష్టించాడు. 1990లలో దూరదర్శన్ హిందీలో ప్రసారం చేసినప్పుడు ఆదివారాల్లో తెలుగిళ్లలోనూ స్క్రూజ్ నాణేల గుట్టలోకి దూకడం చూశారు. బార్క్స్ స్క్రూజ్ పిసినారే, కానీ కూర్చుని తినే పిసినారి కాదు. ప్రతి పైసా వెనకా ఒక ప్రయాణం, ఒక సాహసం ఉంటాయి. వయసు మీద పడినా కుదురుగా ఉండడు.

డక్‌టేల్స్ ఆటను చేసినవాళ్లలో క్యాప్‌కామ్ మెగామ్యాన్ ఆటల మీద పనిచేసినవాళ్లున్నారు. నిర్మాత టోకురో ఫుజివారా, బొమ్మలు వేసినవాళ్లలో కేజీ ఇనాఫునే, సంగీతం హిరోషిగే టోనోమురా. టీవీకి తగిలించి ఆడే ఎన్‌ఈఎస్ కోసం 1989లో ముందు తయారై, మరుసటి ఏడాది గేమ్‌బాయ్‌కి వచ్చింది. అమెజాన్, ట్రాన్సిల్వేనియా, ఆఫ్రికా గనులు, హిమాలయాలు, చంద్రుడు అని ఐదు చోట్లు. ఎక్కడికి ముందు వెళ్లాలో ఆడేవాడి ఇష్టం.

వీటన్నిటిలో నడిపించేది చేతికర్రే. గాల్లోకి ఎగిరి కర్రను కాళ్ల కింద పెట్టుకుంటే స్క్రూజ్ దాని మీద ఎగురుతూనే ఉంటాడు. శత్రువు నెత్తిన దిగితే శత్రువు పోతాడు, స్క్రూజ్ ఇంకా పైకి లేస్తాడు. మామూలుగా అడుగుపెట్టలేని ముళ్ల మీద కూడా కర్రతో దాటిపోవచ్చు. నేల మీద నిలబడి అదే కర్రను గోల్ఫ్ ఆడినట్టు ఊపితే రాయి ఎగిరి పడుతుంది. హిమాలయాల్లో మెత్తటి మంచు మీద కర్రతో దిగితే మాత్రం అందులో కూరుకుపోతాడు. అప్పటిదాకా కర్రనే నమ్ముకున్న వేళ్లు అక్కడ మామూలుగా దూకడం మళ్లీ నేర్చుకోవాలి. ఒక్క కదలికతో ఇన్ని రకాల చోట్లు కల్పించడమే ఈ ఆటలోని పనితనం. ముసలివాడికి ఊతం కావలసిన కర్ర ఇక్కడ ఆయన ఉత్సాహం అయింది. స్క్రూజ్ స్వభావాన్ని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తోచదు.

రెండో ఉపాయం డబ్బు. ఇందులో పాయింట్లు లేవు, డాలర్లే లెక్క. ఏమీ లేని చోట నడుస్తుంటే ఒక్కోసారి గాల్లోంచి వజ్రం పుట్టుకొస్తుంది. దాంతో ఆడేవాడు ప్రతి మూలా తడిమి చూడ్డం మొదలుపెడతాడు. కాసేపటికి స్క్రూజ్ ఆశ వాడికీ అంటుకుంటుంది.

గేమ్‌బాయ్ కోసం బొమ్మల్ని కుదించి ఊరుకోలేదు. చోట్ల అమరికనే మార్చారు. కర్ర మీద ఎగిరినప్పుడు కింద ఏముందో కనపడకపోతే దిగడం గుడ్డిపని అవుతుంది. చిన్న తెరకు తగ్గ దూరాలు కావాలి. ఆ శ్రమ వృథా కాలేదు. ఎన్‌ఈఎస్ రూపం 16.7 లక్షలు, గేమ్‌బాయ్ రూపం 14.3 లక్షలు అమ్ముడయ్యాయి. ఆ రెండు యంత్రాల మీదా క్యాప్‌కామ్ ఆటల్లో ఎక్కువ అమ్ముడైనవి ఇవే.

తర్వాత టేల్‌స్పిన్, డార్క్‌వింగ్ డక్, డక్‌టేల్స్ 2 కూడా గేమ్‌బాయ్‌కి వచ్చాయి. కొనామి టైనీ టూన్ ఆటలు చేసింది. 2001లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ వచ్చేసరికి తెరకు 32 వేల పైచిలుకు రంగులు దక్కాయి. స్పాంజ్‌బాబ్ అచ్చం టీవీలో లాగే పసుపు రంగులో కనిపించాడు. పోలిక అంత సులువైపోయాక, పాత్రకు తగ్గ కదలిక వెతికే అవసరం చాలామందికి కనిపించలేదు. హడావుడిగా వచ్చి వెళ్లిన ఆటలు ఆ కాలంలో చాలా ఉన్నాయి.

ఆ కష్టాన్ని మళ్లీ తలకెత్తుకున్నది కాలిఫోర్నియాలోని వేఫార్వర్డ్ సంస్థ. 2012లో నింటెండో డీఎస్, 3డీఎస్‌ల కోసం చేసిన అడ్వెంచర్ టైమ్ ఆటలో ఫిన్ అనే కుర్రాడు నడుస్తుంటే సాగే శరీరమున్న కుక్క జేక్ వాడి వీపు సంచిలో కూర్చుంటుంది. దెబ్బ కొట్టాలన్నా, అగాధం దాటాలన్నా సాగేది జేకే. ఇద్దరు స్నేహితుల కార్టూన్ ఒక్క జత బొటనవేళ్ల కిందికి వచ్చింది. మరుసటి ఏడాది అదే సంస్థ డక్‌టేల్స్‌ను టీవీ యంత్రాల కోసం కొత్తగా గీసింది. స్క్రూజ్‌కు గొంతిచ్చిన అలన్ యంగ్ తొంభై దాటిన వయసులో వచ్చి మళ్లీ మాట్లాడాడు.

వేఫార్వర్డ్ నుంచి బయటికొచ్చిన కొందరు 2014లో షవెల్ నైట్ చేశారు. అది ఏ కార్టూన్ మీదా ఆధారపడిన ఆట కాదు. కానీ అందులోని యోధుడు పారను కాళ్ల కింద పెట్టుకుని శత్రువుల నెత్తిన ఎగురుతాడు. 3డీఎస్ మీద అది ఆడిన పిల్లల్లో చాలామంది స్క్రూజ్‌ను చూసి ఉండరు. 2017లో మొదలైన కొత్త డక్‌టేల్స్ కార్టూన్‌లోనైతే, ఆటలోని చంద్రుడి చోటుకు టోనోమురా కట్టిన బాణీని జోలపాటగా వాడుకున్నారు. ఆట నుంచి కార్టూన్‌కు తిరుగు ప్రయాణం అన్నమాట.

అదే 2017లో క్యాప్‌కామ్ తన పాత డిస్నీ ఆటలు ఆరింటిని ఒక సంపుటిగా మళ్లీ విడుదల చేసింది. ఆరూ ఎన్‌ఈఎస్ ఆటలే. చిన్న తెర కోసం అమరిక మార్చి చేసిన గేమ్‌బాయ్ డక్‌టేల్స్‌కు అందులో చోటు దక్కలేదు. పద్నాలుగు లక్షల చేతుల్లోకి వెళ్లిన ఆటను మూలరూపానికి నకలుగా చూడటం సరికాదు. ఆ రెండు అమరికల్నీ పక్కపక్కన పెట్టి ఆడుకునే వీలు ఆ సంపుటిలో ఉండాల్సింది.