మంచం నేర్పిన భయం

నడుం నొప్పికి మంచమే మందు అని మొదట ఎవరన్నారో వెతుక్కుంటూ వెళ్తే నేను 1863 దగ్గర ఆగాను. ఆ ఏడు లండన్ సర్జన్ జాన్ హిల్టన్ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. దెబ్బతిన్న ఒంటికి విశ్రాంతి ఇస్తే అదే బాగుపడుతుందని ఆయన వాదన. లివర్‌పూల్‌లో హ్యూ ఒవెన్ థామస్ దాన్ని ఇంకాస్త బిగించాడు: విశ్రాంతి కచ్చితంగా, ఎడతెగకుండా, చాలాకాలం ఇవ్వాలన్నాడు. ఎముకల క్షయ రోజుల్లో అందులో న్యాయముంది. థామస్ తయారుచేసిన కాలి చట్రం మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముకలు విరిగిన సైనికుల్ని ఎంతోమందిని బతికించింది. చిక్కల్లా, విరిగిన తొడకి చెప్పిన సూత్రం ఏమీ విరగని నడుం మీదకొచ్చి కూర్చోవడమే.

1934లో బాస్టన్ సర్జన్లు మిక్స్‌టర్, బార్, వెన్నుపూసల మధ్య డిస్క్ బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కితే కాల్లోకి నొప్పి లాగుతుందని చూపించారు. నిజమే, లాగుతుంది. కానీ ఆ తర్వాత ప్రతి నడుం నొప్పికీ డిస్కే ముద్దాయి అయింది. 'డిస్క్ జారింది' అన్న మాట మన ఇళ్ళలోకీ వచ్చేసింది. డిస్క్ సబ్బుబిళ్ళ కాదు జారడానికి, పైపూసకీ కిందిపూసకీ గట్టిగా అతుక్కుని ఉంటుంది. కానీ జారిందని విన్న మనిషి ఇక వంగుతుందా?

విజయవాడలో మా మేనత్త వంగదు. 92 కిలోల మనిషి. పదకొండేళ్ళ నాటి ఎమ్మారై ఫిల్ములు ఇంటి దస్తావేజుల పక్కన బీరువాలో దాచింది. చెంచా కింద పడితే పనమ్మాయి వచ్చేదాకా అక్కడే ఉంటుంది. "వంగానంటే టక్కుమంటుందే అమ్మలూ" అంటుంది. డాక్టర్లు ఆవిడకి రెండు సలహాలిచ్చారు: బరువు తగ్గాలి, బాగా నడవమ్మా, నడుం మీద భారం పడకూడదు, జాగ్రత్తమ్మా. రెండూ ఒకే చీటీ మీద! ఆవిడ రెండోదే పట్టుకుంది. భయపెట్టిన మాటే కదా గుర్తుండేది.

ఈలోగా మంచం ఓడిపోతూ వచ్చింది. 1986లో అమెరికాలో రిచర్డ్ డేయో బృందం 203 మందిలో కొందరికి రెండు రోజుల పడక, కొందరికి ఏడు రోజుల పడక చెప్పింది. ఎక్కువ పడుకున్నవాళ్ళకి అదనంగా ఒరిగిందేమీ లేదు, పనికి పోని రోజులు మాత్రం పెరిగాయి. 1994లో నడుం నొప్పే లేని 98 మందికి స్కాన్ తీస్తే, సగానికి పైగా మందికి ఎక్కడో ఒకచోట డిస్క్ ఉబ్బే ఉంది. మరుసటేడు హెల్సింకీలో, పడుకున్నవాళ్ళకంటే, వ్యాయామాలు చేసినవాళ్ళకంటే, ఓపినంతమేర రోజువారీ పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు. (కాలు పట్టు తప్పినా, ఒంటేలు బిగిసినా అది వేరే సంగతి. వెంటనే ఆస్పత్రికే.)

1990లో ఈ భయానికి పేరు పెట్టారు: కైనేసియోఫోబియా, అంటే కదలికంటే భయం. దాన్ని కొలవడానికి 17 వాక్యాల టాంపా స్కేలు వచ్చింది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. వందేళ్ళు కదలొద్దని చెప్పింది వైద్యం, ఫోబియా మాత్రం రోగిదట! పైగా ఆ 17 వాక్యాలూ నొప్పి గురించీ, దెబ్బ గురించీ అడుగుతాయి. పార్కులో ఆయాసపడే లావుపాటి మనిషిని చూసి నవ్వే కళ్ళ గురించి అడగవు. మా అత్త వాకింగ్ మానేసింది నడుం వల్ల ఎంతో, ఆ కళ్ళ వల్ల ఎంతో నాకు తెలీదు.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1997లో ఈ భయాన్ని టీవీ ప్రకటనలతో ఎదుర్కొంది. పడుకోవద్దు, పనుల్లో ఉండండి అన్నారు. జనం నమ్మకాలే కాదు, డాక్టర్ల నమ్మకాలూ మారాయి. నెదర్లాండ్స్‌లో యోహాన్ ఫ్లాయెన్ బృందం ఇంకో దారి పట్టింది. రోజువారీ పనుల ఫొటోలు ఇచ్చి, తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా రోగినే పేర్చమంటారు. తర్వాత పక్కన నిలబడి, ఆ వరసలోనే ఒక్కొక్కటీ చేయిస్తారు.

మనకైతే ఆ ఫొటోలు వేరేగా తీయాలి. ముగ్గు వేయడం, గ్యాస్ బండ జరపడం, స్కూటర్ వెనక సీటు ఎక్కడం, నేలమీద కూర్చుని భోంచేసి లేవడం. మా అత్తని నోటిమాటగానే పేర్చమన్నాను. భోజనం చివర పెట్టింది. చెంచా దాని ముందు.